సైకిలు దారి కావాలా? ముందు ఆ రోడ్డు ఎవరిదో కనుక్కోండి

రెండేళ్ల క్రితం మా పేటవాళ్లం కొందరం కలిసి పురపాలక కార్యాలయంలో ఒక అర్జీ ఇచ్చాం. హైస్కూలు నుంచి బస్టాండు దాకా ఉన్న కిలోమీటరున్నర రోడ్డులో సైకిళ్లకు ఒక పక్క చోటు విడిచిపెట్టమని కోరాం. అర్జీ అందుకున్న గుమస్తా సగం చదివి, "ఇది మా రోడ్డు కాదండీ, ఆర్ అండ్ బీ వారిది" అన్నాడు. రోడ్లు, భవనాల శాఖ అయిన ఆ ఆర్ అండ్ బీకి వెళ్తే, "తారు ఉన్నంత మేరే మాది, పక్కనున్న మురుగు కాలువా దాని మీది బండలూ మునిసిపాలిటీవి" అన్నారు. మార్జినులో నిలబడ్డ స్తంభాలు విద్యుత్ సంస్థవి. లారీలను మళ్లించాలంటే పోలీసుల మాట కావాలి. ఆరు నెలలు తిరిగాక మాకు దక్కింది ఒక తెల్ల గీత. మరుసటి వానాకాలం అది కూడా కొట్టుకుపోయింది.

పొరపాటు మాలోనే ఉంది. ఎలాంటి దారి కావాలో ముందు మనసులో గీసుకుని, ఆ తరవాత దాన్ని ఎవరిస్తారా అని బయలుదేరాం. నడవాల్సిన వరుస దీనికి తలకిందులు. గోదావరి డెల్టాలో రోడ్లన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి గానీ వాటి తాళంచెవులు నాలుగైదు చేతుల్లో ఉంటాయి. మన ఊరి చేతిలో ఉన్న రోడ్డు ఏదో ముందు తేల్చుకుని, దానికి సరిపడే దారిని ఎంచుకుంటే తిరుగుళ్లు సగానికి సగం తగ్గుతాయి.

ఎంపికల్లోకి వెళ్లేముందు, ఇక్కడ సైకిలు తొక్కేది ఎవరో ఒకసారి తలచుకోవాలి. రావులపాలెం అరటి మార్కెట్టుకు గెలలు కట్టుకొచ్చేవారు, పాలక్యాన్లు తగిలించుకుని ఇల్లిల్లూ తిరిగేవారు, తాపీ పనికి తెల్లవారుజామునే బయలుదేరేవారు, ప్రభుత్వ పాఠశాలలకు వెళ్లే ఆడపిల్లలు. నేల అరచేయిలా చదునుగా ఉంటుంది కాబట్టి తొక్కడానికి కష్టం లేదు. భయమల్లా వెనక నుంచి వచ్చే లారీతోనే. కాబట్టి ఏ ఎంపికనైనా నేను ఒక్క ప్రశ్నతో తూస్తాను. తొమ్మిదో తరగతి పిల్లను ఒంటరిగా ఆ దారిలో పంపడానికి ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటారా?

తాళంచెవులు ఎవరి దగ్గర ఉన్నాయి

పెద్ద రోడ్లతో మొదలుపెడదాం. ఏలూరు, తాడేపల్లిగూడెం, తణుకు, రావులపాలెం, రాజమహేంద్రవరం వైపు సాగే 16వ నంబరు, కత్తిపూడిలో విడిపోయి కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం మీదుగా ఒంగోలు చేరే 216, పామర్రు నుంచి ఆకివీడు, భీమవరం మీదుగా పాలకొల్లు వైపు వచ్చే 165 జాతీయ రహదారులు. వీటి భూమి మీద 2002 నాటి కేంద్ర చట్టం నడుస్తుంది. ఊరి నడిబొడ్డున వెళ్తున్నా సరే, వాటి మార్జినులో ఒక దిమ్మె కట్టాలన్నా రహదారి అధికారుల అనుమతి తప్పదు. తరవాతివి రాష్ట్రానివి, అంటే ఆర్ అండ్ బీవి. మన పట్టణాల్లో 'మెయిన్ రోడ్డు' అని పిలుచుకునే వాటిలో చాలా భాగం ఈ రెండు జాతుల్లోనే ఉంటుంది. కాలువ గట్లు, ఏటి గట్లు జలవనరుల శాఖవి. మిగిలిన పేట వీధులు, సందులు, లేఅవుట్లలో వేసిన రోడ్లు మునిసిపాలిటీవి.

కాకినాడలో సైకిలెక్కి అమలాపురం వైపు సాగితే ఇంకో విచిత్రం ఎదురవుతుంది. యానాం దగ్గర ప్రభుత్వమే మారిపోతుంది, అక్కడ పాలన పుదుచ్చేరిది. గౌతమి మీద వంతెన దాటగానే మళ్లీ ఆంధ్రప్రదేశ్. చక్రం కింద తారు ఒకటే, సంతకం పెట్టేవారు వేరు.

రాజ్యాంగం ఈ విషయంలో ఏమంటుందో తెలిసి ఉంటే కార్యాలయాల్లో ధైర్యంగా మాట్లాడవచ్చు. 1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ సవరణ పురపాలక సంఘాలకు పన్నెండో షెడ్యూలులో 18 అంశాలు చూపించింది. నాలుగోది రోడ్లు, వంతెనలు. పదిహేడోదాంట్లో వీధి దీపాలు, పార్కింగ్, బస్టాపులు ఉన్నాయి. చదివితే వీధి మొత్తం ఊరిదేనన్న నమ్మకం కలుగుతుంది. అయితే 243డబ్ల్యూ అధికరణంలో, రాష్ట్ర శాసనసభ ఈ అధికారాలను పురపాలక సంఘాలకు 'ఇవ్వవచ్చు' అని ఉంది, 'ఇవ్వాలి' అని లేదు. ఆ ఒక్క క్రియాపదం దగ్గరే మన ఊళ్ల పెత్తనం ఆగిపోయింది. మూడు లక్షలు, ఆపైన జనాభా ఉన్నచోట వార్డు కమిటీలు ఉండాలని అదే సవరణ చెబుతుంది. 2011 లెక్కల ప్రకారం డెల్టాలో ఆ గీత దాటినవి కాకినాడ, రాజమహేంద్రవరం రెండే.

టొరంటోలో ఏం జరిగింది

మన జిల్లాల నుంచి కెనడా వెళ్లిన పిల్లలున్న ఇళ్లలో ఈ కథ చెవిన పడే ఉంటుంది. టొరంటో నగరం బ్లూర్, యంగ్ వీధుల్లో, యూనివర్సిటీ అవెన్యూలో సైకిళ్లకు విడిగా దారులు వేసింది. 2024 నవంబరులో ఆ నగరం ఉన్న ఒంటారియో రాష్ట్రం 212వ బిల్లును చట్టం చేసింది. మోటారు వాహనాల వరుస ఒకటి తగ్గించి సైకిలు దారి వేయాలంటే రాష్ట్రం అనుమతి కావాలని అందులో పెట్టారు. పైన చెప్పిన మూడు దారులనూ తొలగించే అధికారాన్ని రాష్ట్రమే తీసుకుంది. తొలగించడానికి దాదాపు 4.8 కోట్ల డాలర్లు అవుతుందని నగరపాలక సిబ్బంది లెక్కగట్టారు. వాటిని వేయడానికి అయిన ఖర్చు అందులో సగానికి కాస్త పైన.

సైకిలువాదులు కోర్టుకు వెళ్లారు. 2025 జూలై 30న అక్కడి ఉన్నత న్యాయస్థానం వారికి అనుకూలంగా తీర్పు చెప్పింది. రాష్ట్రం అప్పీలుకు సిద్ధపడింది. ఇందులో మనం గమనించాల్సింది తీర్పుకు ఆధారమైన కారణం. వీధుల మీద అధికారం నగరానిదేనని న్యాయమూర్తి అనలేదు. కెనడా రాజ్యాంగంలో నగరాలు రాష్ట్రాల చేతికిందే ఉంటాయి. ఉన్న రక్షణను సరైన ఆధారం లేకుండా పీకేస్తే మనుషుల ప్రాణాలకు ముప్పు వస్తుందనీ, అది వారి జీవన భద్రత హక్కుకు భంగమనీ తీర్పు. అంటే ఊరి అధికారం కాగితం మీద ఎంత బలహీనంగా ఉన్నా, ప్రమాదాల లెక్క చేతిలో ఉంటే వాదన నిలబడుతుంది. మా అర్జీలో అలాంటి లెక్క ఒక్కటీ లేదు. ఏ మలుపు దగ్గర ఎవరు పడ్డారో పేటలో అందరికీ తెలిసినా మేం కాగితం మీద పెట్టలేదు.

తెల్ల గీత: అడగకండి

దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చౌక, ఒక్క రాత్రిలో అయిపోతుంది, ఫొటో బాగా వస్తుంది. వారం తిరిగేసరికి దాని మీద ఆటోల స్టాండు, కొబ్బరి బొండాల బండి, ఊరి చివరి రోడ్డయితే సార్వా మాసూళ్ల వేళకు ఆరబోసిన ధాన్యం ఉంటాయి. ధాన్యం విషయంలో రైతుతో తగువు పెట్టుకునే ఆలోచనే వద్దు. తేమ శాతం తగ్గకపోతే అతని గింజకు ధర రాదు. ఆ రోడ్డును వదిలి వేరే దారి చూసుకోవడమే మర్యాద. గీతను నేను ఒప్పుకునేది ఒకే సందర్భంలో, అసలు దారి కట్టేముందు ఏ వెడల్పు సరిపోతుందో రెండు మూడు నెలలు పరీక్షించి చూడటానికి.

అడ్డుగట్టు కట్టి విడదీసిన దారి

అందరూ కలలు కనేది దీన్నే. మోటారు వాహనాలకూ సైకిళ్లకూ మధ్య సిమెంటు అంచు, లేదా స్తంభాల వరుస. సరిగ్గా కడితే దీన్ని మించింది లేదు. అయితే కొలత టేపు తీసుకెళ్లి చూడండి. రెండు వరుసల వాహనాలకు 22 అడుగులు కావాలి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం పాదబాట వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు, రెండు వైపులా కలిపి 12. నలభై అడుగుల రోడ్డులో ఇక మిగిలేవి ఆరడుగులు. అందులో మురుగు కాలువలు, స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె అన్నీ ఇమడాలి. రెండు పక్కలా ఆరున్నర అడుగుల సైకిలు దారికి చోటెక్కడ? అరవై అడుగుల రోడ్డయితే 26 అడుగులు మిగులుతాయి, సైకిళ్లకు 13 పోగా తక్కినది చెట్లకూ స్తంభాలకూ ఒక పక్క పార్కింగ్‌కూ బొటాబొటిగా సరిపోతుంది. ఎనభై అడుగులు ఉంటే చీకూచింతా లేదు. ఆక్రమణలు పోగా నిజంగా ఎన్ని అడుగులున్నాయన్నది చూడాలి, మాస్టర్ ప్లాను కాగితంలో రాసిన వెడల్పు మీద ఆశ పెట్టుకోకండి.

కొలత కుదిరినా డెల్టాలో మరో రెండు చిక్కులున్నాయి. మొదటిది నీరు. మన రోడ్ల మీద పడిన వాన పక్కనున్న కాలువలోకి జారిపోవాలి. మధ్యలో సిమెంటు అంచు అడ్డం కడితే రోడ్డు చెరువవుతుంది. అంచును ముక్కలుగా, నడుమ సందులు వదిలి కట్టమని ఎస్టిమేటు దశలోనే రాయించాలి. రెండోది మోటారు సైకిళ్లు. రద్దీ వేళ అవి ఈ దారిలోకి దూరకుండా ఉండవు. దారి మొదట్లో స్తంభాలు పాతి సన్నటి సందు వదిలితే ఆగుతాయని కొందరు ఇంజనీర్లు చెబుతారు. మోటారు సైకిలు హ్యాండిల్ పట్టని సందులో అరటి గెలలు కట్టిన సైకిలు కూడా పట్టదు, సామాను రిక్షా అసలే పట్టదు. ఎవరి కోసం దారి వేస్తున్నామో వారినే బయట నిలబెట్టినట్టవుతుంది. కాబట్టి స్తంభాలను నమ్ముకోకుండా, మోటారు సైకిళ్లకు కూడా పక్క వరుసలో ఇబ్బంది లేకుండా ఉండే వెడల్పాటి రోడ్డు ఉంటేనే ఇది ఎంచుకోండి.

ఢిల్లీలో అంబేడ్కర్ నగర్, మూల్‌చంద్ మధ్య 2008లో బస్సుల కారిడారుతో పాటు సైకిలు దారి కూడా వేశారు. కార్లవారి కోపం ఎక్కువై 2016లో ఆ కారిడారునే తీసేశారు. ఇరుకు రోడ్డులో నలుగురి చోటు ఒకేసారి మారిస్తే ఎంత సెగ పుడుతుందో అక్కడ చూశాం. కాకినాడలో తిన్నని, వెడల్పాటి వీధులున్నాయి. రాజమహేంద్రవరంలోనూ ఇలాంటి రోడ్లు కొన్ని దొరుకుతాయి. ఆ రెండు ఊళ్లను దాటి నేను దీన్ని గట్టిగా సిఫార్సు చేయలేను.

కాలువ గట్టు

ధవళేశ్వరం దగ్గర 1852 నాటికి ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతటా కాలువలు పారాయి. వాటి వెంట గట్లు ఊళ్లను కలుపుతూ ఏ నగరానికీ లేని ఒక సైకిలు జాలాన్ని మనకు పరిచి పెట్టాయి. మలుపులు తక్కువ, కూడళ్లు తక్కువ, తుమ్మలో కొబ్బరో ఏదో ఒక నీడ. పాలకొల్లులోనో, ఏలూరులోనో, కడియం నర్సరీల వైపో గట్టు మీద తొక్కినవారికి వేరే చెప్పనక్కర్లేదు. ఒక పక్క గట్టు మీద ఇప్పటికే తారు రోడ్డు ఉండి, రెండో పక్క కాలిబాట మాత్రమే ఉన్నచోట ఆ రెండో పక్క మనకు వరం.

ఇక్కడ తాళంచెవి జలవనరుల శాఖది. వారికి గట్టు ముందు గట్టు, తరవాతే బాట. తవ్వకాలు, గోతులు, బరువైన కట్టడాలు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దవారిని అడిగితే ఏటి గట్టుకు గండి పడటమంటే ఏమిటో చెబుతారు. కాబట్టి వారిని అడగాల్సింది మట్టి చదును చేసి పైన గ్రావెలో, సన్నని తారు పొరో. కాలువకు ఆనుకున్న పనులు వేసవిలో కాలువలకు నీళ్లు ఆపేసిన కొద్ది వారాల్లోనే జరుగుతాయి. ఆ గడువు తప్పితే మళ్లీ ఏడాది. అర్జీ సంక్రాంతి లోపే వెళ్లాలి.

గట్టుకు ఉన్న అసలు లోపం సాయంత్రం ఆరు తరవాత బయటపడుతుంది. దీపాలు ఉండవు, చెత్త కుప్పలుంటాయి, జనసంచారం ఉండదు. నా తూకపురాయి మీద, అంటే తొమ్మిదో తరగతి పిల్ల ప్రశ్న దగ్గర, ఇది పగలు నెగ్గి రాత్రి ఓడిపోతుంది. దీపాలు మునిసిపాలిటీ వేయాలి, గట్టు ఇంకొకరిది. ఈ రెండు శాఖలనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టేది కలెక్టరు సమావేశం ఒక్కటే. ఇంకో మాట. చాలా ఊళ్లలో గట్ల మీద పేదల గుడిసెలు తరాలుగా ఉన్నాయి. సైకిలు దారి పేరు చెప్పి వాళ్లను లేపే పథకం ఎవరైనా తెస్తే నేను దానికి వ్యతిరేకిని. అక్కడ నుంచి పనికి సైకిలు మీద వెళ్లేది వాళ్లే.

హైదరాబాదు అవుటర్ రింగు రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ వేసి పైన సౌర పలకలు పరిచారు. అందంగానే ఉంది. ఉదయపు వ్యాయామానికి కారులో సైకిలు వేసుకెళ్లేవారికి అది బాగా నప్పుతుంది. డెల్టాలో గట్టు దారిని ఆ మూసలో ఊహించుకుంటే బడీ, బజారూ, మిల్లూ దానికి దూరమైపోతాయి. గట్టు నుంచి బడి గేటు దాకా ఉన్న చివరి రెండు వందల గజాలు ఏమిటన్నది ముందు తేల్చుకోవాలి.

వేగం తగ్గించిన పేట వీధులు: నా ఓటు

మెయిన్ రోడ్డుకు సమాంతరంగా వెనక ఒక వీధి దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది. ఇరవై, ముప్పై అడుగుల వెడల్పు, పూర్తిగా మునిసిపాలిటీది. అక్కడ సైకిళ్లకు విడిగా గీతలూ గట్లూ ఏమీ వద్దు. వాహనాల వేగాన్ని గంటకు 30 కిలోమీటర్లకు దించితే వీధంతా సైకిలు దారే. ఢీకొన్నప్పుడు మనిషి బతికే అవకాశం ఆ వేగం దాటాక చకచకా పడిపోతుంది. 2020 ఫిబ్రవరిలో స్టాక్‌హోమ్‌లో జరిగిన రహదారి భద్రత మంత్రుల సదస్సు కూడా, పాదచారులూ సైకిళ్లూ వాహనాలతో కలిసే చోట్ల 30నే హద్దుగా సూచించింది. మన కేంద్రం 2018లో పురపాలక రోడ్ల మీద కార్లకు పెట్టిన గరిష్ఠ వేగం 70. అంతకన్నా తక్కువ హద్దు పెట్టే అధికారం మోటారు వాహనాల చట్టం 112వ సెక్షను కింద రాష్ట్రానికి, అది అధికారమిచ్చిన అధికారులకు ఉంది. కాగితం రాకపోయినా వీధిని మలచి వేగం తగ్గించవచ్చు, అదే ఈ ఎంపికలోని సుఖం.

ఎలాగంటే, మొదట స్పీడ్ బ్రేకర్లు సరిగ్గా వేయించాలి. మన కాంట్రాక్టర్లు వేసేవి అడుగు వెడల్పుతో ఎద్దు మూపురంలా ఉండి గర్భిణులనూ పాలక్యాన్లనూ ఏడిపిస్తాయి. ప్రమాణం ప్రకారం ఉండాల్సింది 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రటి వాలు. దాని మీద సైకిలు మెత్తగా పోతుంది, కారు మాత్రం 25కు దిగక తప్పదు. వీధి ఒక చివర రెండు బలమైన దిమ్మెలు పెట్టి సైకిళ్లూ రిక్షాలూ మాత్రం పోయేలా చేస్తే, అడ్డదారి కోసం దూరే కార్లు మానుకుంటాయి. ఆ వీధివారి కార్లు రెండో చివర నుంచి వస్తాయి. అంబులెన్సుకూ ఫైరింజనుకూ తీసి పెట్టగల దిమ్మె ఒకటి ఉండాలి. ఇక మిగిలింది ఏ వీధి నుంచి ఏ వీధికి తిరగాలో చూపే బోర్డులు.

చిక్కు ఎక్కడంటే, వెనక వీధి ఎక్కడో ఒకచోట మెయిన్ రోడ్డును దాటాలి. అక్కడ ఆర్ అండ్ బీ, పోలీసులు రావలసిందే. అయితే కిలోమీటరున్నర చోటు కోసం నలుగురు యజమానులను బతిమాలడానికీ, ముప్పై అడుగుల దాటుడు కోసం ఒక్క కూడలి దగ్గర దీపమో ఎత్తైన దాటుబాటో అడగడానికీ ఎంత తేడా ఉందో తిరిగినవారికి తెలుసు.

దీనికి తోడుగా ఎక్కడైనా పనికొచ్చేది వేళల నియంత్రణ. అదే చట్టం 115వ సెక్షను కింద, బడి మొదలయ్యే, వదిలే గంటల్లో చేపల లారీలు, ధాన్యం లారీలు ఫలానా రోడ్డులోకి రాకుండా ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఒక బస్తా సిమెంటు కూడా అక్కర్లేదు. కానిస్టేబులు నిలబడినన్నాళ్లే పనిచేస్తుందన్నది దీని బలహీనత.

పెత్తనం అంతా ఊరికే ఇవ్వాలా

ఇంతవరకూ చదివాక నేను స్థానిక అధికారానికి గుడ్డిగా చప్పట్లు కొడుతున్నానని అనిపించవచ్చు. పూర్తిగా కాదు. ఊరి కౌన్సిలరుకు వీధి తెలుసు, ఏ మలుపు దగ్గర నీళ్లు నిలుస్తాయో తెలుసు. ఆ వీధిలోని దుకాణదారుల ఓట్ల లెక్కా తెలుసు. రెండు కార్ల పార్కింగ్ పోతుందంటే మొదట వెనక్కి తగ్గేది ఆయనే. పైనున్న ఇంజనీరుకు ఆ మొహమాటం ఉండదు, కానీ అతనికి మన వీధి మ్యాపులో ఒక గీత. ఇక పోలీసుల చేతికి పూర్తిగా వదిలేస్తే ఏమవుతుందో కోల్‌కతా చూపించింది. 2013లో అక్కడ 174 రోడ్ల మీద సైకిళ్లకు ఆంక్షలు పెట్టారు. సైకిలు మీద పాలు, పేపర్లు, చేపలు మోసేవాళ్లే దెబ్బతిన్నారు.

అందుకే నా పంపకం ఇలా ఉంటుంది. పాదబాట ఇంత ఉండాలి, స్పీడ్ బ్రేకరు ఇలా ఉండాలి, బడి దగ్గర వేగం ఇంతకు మించకూడదు అనే కొలతలు రాష్ట్రం గట్టిగా నిర్దేశించాలి, వాటిని తగ్గించే హక్కు కౌన్సిలుకు ఉండకూడదు. ఏ వీధి, ఏ పక్క, ఏ బండి ఎక్కడికి జరగాలి అన్నవి ఊరు తేల్చుకోవాలి. ఊరు తేల్చుకుని కట్టినదాన్ని పైవారు తీసేయాలనుకుంటే, ప్రమాదాల లెక్క చూపించి తీసేయాలి. కౌన్సిలు ఎన్నిక జరగక ప్రత్యేకాధికారి పాలన నడిచే ఊళ్లలో 'స్థానికం' అన్న మాటకు అర్థమే ఉండదు. అలాంటిచోట పేటవాళ్ల సంతకాల విలువ రెట్టింపవుతుంది.

మరి మీ ఊరికి ఏది

జాతీయ రహదారి నడిబొడ్డు నుంచే పోయే ఊరైతే దాని జోలికి వెళ్లకండి, వెనక వీధులు చూసుకోండి. బైపాస్ వచ్చేసిన ఊరైతే పాత రహదారి మీద కన్నేసి ఉంచండి. లారీలు తగ్గి, రోడ్డు చేతులు మారే ఆ రెండు మూడేళ్లలో వెడల్పాటి తారు ఖాళీగా కనిపిస్తుంది. విడదీసిన సైకిలు దారికి అంతకన్నా మంచి అదను రాదు. ఆలస్యం చేస్తే ఆ ఖాళీలో దుకాణాలు మొలుస్తాయి. కాలువ ఊరి మధ్యగా పారుతూ, బడి దానికి రెండు వందల గజాల్లో ఉంటే గట్టు ఎంచుకోండి, దీపాల హామీ రాతలో తీసుకున్నాకే. గోదావరి ఒడ్డున ఉన్న ఊళ్లకు మరో అదను ఉంది. 2015 తరవాత మళ్లీ 2027లో పుష్కరాలు. ఘాట్లకు వెళ్లే రోడ్ల కోసం డబ్బు వచ్చే వేళ అది. హడావుడిలో సిమెంటు పోసేముందే పాదబాట, సైకిలు చోటు డిజైనులోకి ఎక్కించాలి. పోసిన తరవాత తవ్వించడం ఎవరి వల్లా కాదు.

అర్జీ కన్నా ముందు సమాచార హక్కు చట్టం కింద ఒక దరఖాస్తు పెట్టండి. రోడ్డు పేరు, ఇక్కడి నుంచి ఇక్కడి దాకా అని రాసి, యాజమాన్యం ఏ శాఖది, రికార్డులో వెడల్పు ఎంత, గత మూడేళ్లలో దాని మీద చేసిన పనులేమిటి అని అడగండి. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మేం ఆరు నెలలు తిరిగి తెలుసుకున్నది ఆ ఒక్క కాగితంలో ఉంటుంది. బండ్లవాళ్లను విస్మరించకండి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణంలో ఉండే కమిటీలో కనీసం నలభై శాతం మంది వ్యాపారులే ఉంటారు. వాళ్లకు చోటు చూపించకుండా వేసిన దారి మీదకు వాళ్లు రావడం తప్పు కాదు, సహజం. ప్రమాదాల పట్టిక మీరే రాయండి, తేదీ, చోటు, ఎవరికి ఏమైంది అని. ఆసుపత్రికి వెళ్లని చిన్న దెబ్బలు కూడా రాయండి.

ఈసారి మా పేట అర్జీలో హైస్కూలు రోడ్డు ఊసే లేదు. దాని వెనక ఉన్న రెండు వీధులు, నాలుగు స్పీడ్ బ్రేకర్లు, ఒక దిమ్మె, చివర మెయిన్ రోడ్డు దాటే చోటు అని రాశాం. మునిసిపల్ అసిస్టెంట్ ఇంజనీరు గారు వచ్చి టేపు పట్టి కొలిచి, వీధులు మావే అని ఒప్పుకున్నారు. రెండు వీధుల నడుమ పిల్లకాలువ మీదున్న కల్వర్టు మాత్రం ఇరిగేషన్ వారిదట. దానికి వేరే కాగితం రాసి, కాలువలకు నీళ్లు ఆపే లోపు అందేలా పంపించాం.